అరుణాచలంలో ఒక రోజు మిగిలితే: చెంగం వీరగల్లుల టూర్ ఎలా ఉందంటే

గిరి ప్రదక్షిణకి వెళ్ళే తెలుగువాళ్ళకి తిరువణ్ణామలైలో ఇప్పుడు దేనికీ లోటు లేదు. హోటల్ బోర్డులు తెలుగులో ఉంటున్నాయి, ఆటోవాళ్ళు బేరం తెలుగులోనే ఆడుతున్నారు. పద్నాలుగు కిలోమీటర్లు నడిచి, దర్శనం చేసుకుని, మర్నాడు కంచికో వెల్లూరు బంగారు గుడికో కారు మాట్లాడుకోవడం మనవాళ్ళ అలవాటు. ఆ మర్నాటికి నేను ఇంకో దారి చెప్తాను. పడమరగా చెంగం వైపు వెళ్ళి, పల్లవుల కాలం నాటి వీరగల్లులు, అంటే పోరులో పడిపోయిన వీరుల గుర్తుగా నిలబెట్టిన రాళ్ళు, చూపించి సాయంత్రానికి వెనక్కి తెచ్చే ఒక టూర్ ఉంది. మనిషికి 1,800 రూపాయలు తీసుకున్నారు. కారు, గైడు, మధ్యాహ్నం భోజనం అన్నీ అందులోనే. ఇద్దరు కుర్రాళ్ళు సొంతంగా నడుపుకుంటున్నారు. లోపాలు కూడా రాయబోతున్నాను కాబట్టి పేరు వేయడం లేదు.

నా గురించి ఒక ముక్క చెప్పాలి. గురజాల, మాచర్ల వైపు సర్వేయరుగా చేసి రిటైరయ్యాను. ఉద్యోగమంతా హద్దురాళ్ళ చుట్టూనే గడిచింది. రాయి కనబడితే ఎంత లోతు పాతారు, మొహం ఎటు పెట్టారు అని చూడటం ఇప్పటికీ పోలేదు. పైగా పల్నాడు మనిషిని. కారెంపూడి వీర్లగుడి తిరణాల చూస్తూ పెరిగినవాణ్ణి కాబట్టి చనిపోయిన వీరుడికి రాయి నిలబెట్టి మొక్కడం నాకు వింతేమీ కాదు. మా ఆవిడ మాత్రం, "గుళ్ళు వదిలేసి రాళ్ళు చూడ్డానికి డబ్బులు కట్టడమేంటండీ" అని బయల్దేరేముందే తేల్చేసింది. సాయంత్రానికి ఆవిడే గైడుని ఎక్కువ ప్రశ్నలు అడిగింది, అది వేరే సంగతి.

ముందు అసలు విషయం. ఈ టూర్‌లో మీరు డబ్బు పెట్టేది కారుకి కాదు, చదివి చెప్పే మనిషికి. ఆ చెంగం రోడ్డు మీద బస్సులు తిరుగుతూనే ఉంటాయి. ఊరు పేరు తెలిస్తే మీరే ఆటో మాట్లాడుకుని రాయి దగ్గరికి పోవచ్చు. కానీ అక్కడ మీకు కనబడేది పసుపు పూసి, నూనె కారుతూ, వేపచెట్టు కింద నిలబడ్డ ఒక బండ. మీద బొమ్మ ఉందని తెలుస్తుంది, అంతే. అక్షరాలు వట్టెళుత్తు, గుండ్రంగా మెలికలు తిరిగిన పాత లిపి. కంచి పల్లవుల శాసనాల్లో కనబడేవి గ్రంథ లిపి, తమిళ లిపి. ఈ పల్లెల్లో వీరుల రాళ్ళ మీద మాత్రం వట్టెళుత్తే చెక్కారు. ఇవాళ తమిళం గడగడా చదివేవాళ్ళకి కూడా అవి అందవు. మా డ్రైవరు కృష్ణగిరి వైపువాడు. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం. ఆ రాయి ముందు నిలబడి, "నాకు ఒక్క అక్షరమూ దొరకలేదు సార్" అని నవ్వేశాడు.

గైడు కుర్రాడు శాసనాల మీదే ఎమ్మే చేశాడట. వాడి పద్ధతి నాకు నచ్చింది. మొదటి రాయి ఓ వేడియప్పన్ గుడిలో ఉంది. ఆ ప్రాంతంలో పాత వీరగల్లుల్ని చాలాచోట్ల వేడియప్పన్ అనే పేరుతో పూజిస్తారు. పొంగలి పెడతారు, కోడిని కోస్తారు. ఎవరి రాయి, ఎప్పటిది అన్నది మొక్కేవాళ్ళకి అక్కర్లేదు. కుర్రాడు కారు దిగగానే రాయి దగ్గరికి పోలేదు. ముందు పక్కింటి పెద్దాయన్ని "అయ్యా" అని పలకరించి, అనుమతి అడిగి, చెప్పులు విప్పి, తనూ దండం పెట్టుకున్నాడు. పసుపు తుడవలేదు, నూనె గీకలేదు. సంచీలోంచి నీళ్ళు చిమ్మే సీసా ఒకటి, అరచేతి కంటే కాస్త పెద్ద అద్దం ఒకటి తీశాడు. అక్షరాలున్న చోట నీళ్ళు చిమ్మి, ఎండలోకి జరిగి, అద్దంతో వెలుగుని పక్కనుంచి రాయి మీదకి ఏటవాలుగా కొట్టాడు. అంతవరకూ గరుకు బండగా ఉన్నచోట గీతలు లేచాయి. ఒక వంపు, దాని పక్కన ఇంకో వంపు. వీరుడి ఎడమచేతిలో విల్లు, కుడిచేతిలో కత్తి తేలాయి. పాదాల దగ్గర చిన్న చెంబు లాంటిది కనబడింది. లోతు తక్కువగా, పైపైన చెక్కిన బొమ్మ అది. మధ్యాహ్నం ఎండలో సెల్‌ఫోన్‌తో తీస్తే ఒక్క గీతా పడదు.

కొంతమంది అక్షరాల్లో సుద్ద నింపి ఫొటోలు తీస్తారట. "అది చేస్తే రాయి పాడవుతుంది, పైగా మనం తప్పు చదివితే ఆ తప్పే అందరికీ కనబడుతుంది" అన్నాడు. ఈ ఒక్క మాటకే వాడికి మార్కులు వేశాను. హద్దురాయి మీద గుర్తు చెరిగితే మేమూ కొత్తది గీకేవాళ్ళం కాదు, పాత కొలతలు తీసి చూసేవాళ్ళం.

తర్వాత చదవడం మొదలుపెట్టాడు. అర్థం ముందే చెప్పేయకుండా ఒక్కో అక్షరం మీద వేలు ఆడిస్తూ (రాయికి తగలకుండా), పలికి, మా చేత కూడా పలికించాడు. ఈ శాసనాలన్నిటికీ వరస ఒకటే. ముందు రాజు పేరు, ఆయన పాలనలో ఎన్నో ఏడో. తర్వాత ఆ తావు ఏలే చిన్న దొర. తర్వాత ఆ దొర తాలూకు మనిషి పేరు, ఏం చేస్తూ పోయాడన్నది. చివర "పట్టాన్ కల్", పడిపోయినవాడి రాయి అని ముగింపు. పొగడ్త ఏమీ ఉండదు. మా పాత అడంగల్‌లో కాలమ్‌లు నింపినట్టు ఉంటుంది. నాకు అది చాలా బాగా ఎక్కింది.

పశువుల మందల కోసమే ఎక్కువమంది పోయారు. ఆ కాలంలో ఆస్తంటే అవే కదా. పక్క దొర మనుషులు వచ్చి మందని తోలుకుపోవడం, వీళ్ళు వెంటబడి విడిపించుకు రావడం, అందులో ఒకడు పడిపోవడం. తోలుకురావడానికి వెళ్ళేవాళ్ళకి వెట్చి పువ్వు, విడిపించడానికి వెళ్ళేవాళ్ళకి కరందై పువ్వు అని పాత తమిళ పాటల్లో లెక్క. రాళ్ళు ఇద్దరికీ ఉన్నాయి. ఇది విని మా ఆవిడ ఊరుకోలేదు.

"దొంగతనానికి పోయినవాడికి కూడా రాయేంటి బాబూ?"

"అమ్మా, ఆ ఊరికి దొంగ. తెచ్చి ఇచ్చిన ఊరికి?" అని ఆగాడు కుర్రాడు.

మా వైపు కారెంపూడి ఉత్సవాలు అయిదు రోజులు చేస్తారు. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు. మందపోరు అన్న పేరు చిన్నప్పట్నుంచీ నోట్లో నానుతున్నదే. చెంగం రాళ్ళు చూశాక మంద కోసం ప్రాణాలు పోగొట్టుకోవడం ఎంత మామూలు సంగతో తెలిసింది. పల్నాటి యుద్ధం పన్నెండో శతాబ్దం చివరిది, ఈ రాళ్ళు దానికి అయిదారు వందల ఏళ్ళ ముందువి. కోడిపోరు అనగానే కుర్రాడి కళ్ళు మెరిశాయి. విల్లుపురం జిల్లా అరసలాపురంలో పోట్లాడి చచ్చిన కోడిపుంజుకి నిలబెట్టిన రాయి ఉందట, పుంజు బొమ్మతో, శాసనంతో. అది ఈ టూర్ దారిలో లేదు. ఉంటే ఇంకో అయిదొందలు ఇచ్చేవాణ్ణే.

ఇక ఎడుత్తనూర్ రాయి. ఈ టూర్‌కి ప్రాణం అదే. తండరాంపట్టు వైపు ఊరు. మహేంద్రవర్మ పల్లవుడి 34వ పాలనా సంవత్సరం అని రాయి మీదే ఉంది, అంటే ఏడో శతాబ్దం మొదటి భాగం. మండగపట్టులో ఇటుక, కర్ర, లోహం, సున్నం లేకుండా గుడి తొలిపించానని రాయించుకున్న మహేంద్రవర్మ ఈయనే. అక్కడ రాజు తన గొప్ప తను సంస్కృతంలో చెప్పుకున్నాడు. ఇక్కడ అదే రాజు పేరు ఒక గేదెల మనిషి చావుకి తేదీగా పనికొచ్చింది. బాణరాజు బంధువు పొట్రొక్కైయార్ దగ్గరి మనిషి కరుందేవకత్తి, తన గేదెల కోసం పోరాడి పడిపోయాడు, అతని రాయి ఇది అని శాసనం. ఈ బాణులు మనకి కొత్తవాళ్ళేం కాదు. చిత్తూరు, కోలారు వైపు కూడా ఏలినవాళ్ళే.

వీరుడితో పాటు ఆ రాయి మీద ఒక కుక్క ఉంది. తోక పైకి ఎత్తి నిలబడింది. దాని గురించి విడిగా రాశారు. కోవివన్ అనే ఈ కుక్క ఇద్దరు దొంగల్ని కరిచి కాపలాగా నిలబడింది అని. రాజు పేరు, దొర పేరు, మనిషి పేరు రాసిన చేత్తోనే కుక్క పేరు కూడా రాసి, అది ఏం చేసిందో, ఎంతమందిని కరిచిందో లెక్కతో సహా పెట్టారు. ఆ అక్షరాలు చెక్కించినవాళ్ళు ఆ కుక్కని ఎరిగినవాళ్ళు. అంతా అయ్యాక గేదెల దగ్గరికి చేరినవాళ్ళకి కుక్క అక్కడే నిలబడి కనబడి ఉంటుంది. మా ఆవిడ "కోవివన్, కోవివన్" అని రెండుసార్లు పిలిచినట్టే అంది. డ్రైవరు కూడా కారు దిగి వచ్చి చూశాడు. ఈ దారిన ఎన్నోసార్లు తిరిగినా ఎవరూ తనకి చదివి చెప్పలేదన్నాడు.

ఆ చెట్టు నీడలోనే కూర్చోబెట్టి కుర్రాడు రాయి నిలబెట్టే తంతు చెప్పాడు. పాత తమిళ వ్యాకరణ గ్రంథం తొల్కాప్పియంలో ఆరు మెట్లు పేర్లతో సహా ఉన్నాయి. కాట్చి, అంటే రాయిని వెతికి చూడటం. కాల్కోళ్, దాన్ని ఎంచుకుని తేవడం. నీర్ప్పడై, నీళ్ళలో ముంచి శుద్ధి చేయడం. నడుదల్, పాతడం. పెరుంపడై, పెద్ద నైవేద్యం. వాళ్త్తల్, స్తుతి. ఇందులో నన్ను ఆపేసింది మొదటి రెండూ. ఏ రాయి పడితే ఆ రాయి కాదన్నమాట. కొండకి పోయి, చూసి, ఇది అని తేల్చుకుని తెచ్చేవారు. ధర్మపురికి పాత పేరు తగడూరు. అక్కడి దొర అదియమాన్ చనిపోతే, అతని రాయికి నెమలి ఈకలు కట్టి, చిన్న గిన్నెలో కల్లు పోస్తుంటే పాత తమిళ కవయిత్రి అవ్వైయార్ అడిగిందట, బతికున్నప్పుడు దేశానికి దేశం ఇచ్చినా పుచ్చుకోని మనిషి ఈ గిన్నెడు కల్లు పుచ్చుకుంటాడా అని. ఆ పాట కుర్రాడు తమిళంలో పాడి వినిపించాడు. గొంతు అంత గొప్పగా లేదు గానీ పొద్దున చూసిన రాయి మీద పాదాల దగ్గరి చెంబు అప్పుడు మళ్ళీ గుర్తొచ్చింది.

నేను కూడా ఊరుకోకుండా మా సంగతి చెప్పాను. మాచర్ల పక్కనే నాగార్జునకొండలో ఇక్ష్వాకుల కాలం ఛాయాస్తంభాలు ఉన్నాయి, సైనికులకీ సేనాపతులకీ నిలబెట్టినవి, ఇవి వాటి తర్వాతవి కదా అన్నాను. కుర్రాడికి అవి తెలుసు. ఇంకా పాతవి తేని జిల్లా పులిమాన్‌కొంబైలో 2006లో దొరికాయని, వాటి మీద బొమ్మలేం లేవని, తమిళ బ్రాహ్మి అనే తొలినాటి లిపిలో రెండు మూడు వరసలేనని చెప్పాడు. కూడలూరులో ఆలమంద కోసం జరిగిన దాడిలో పోయిన అంతవన్ రాయి అని ఒకదాని మీద ఉందట. క్రీస్తుకి ముందువని దాన్ని కనుక్కున్న తంజావూరు తమిళ విశ్వవిద్యాలయం వాళ్ళ అంచనా.

ఇప్పుడు లోపాలు.

మొదటిది, వేళ. పొద్దున ఎనిమిదిన్నరకి లాడ్జి దగ్గరికి వస్తామన్నారు, వచ్చేసరికి తొమ్మిది దాటింది. పౌర్ణమి వెళ్ళిన మర్నాడు కాబట్టి ఊరు దాటడానికే చాలాసేపు పట్టింది. దాంతో అన్నిటికంటే బాగా చూడాల్సిన ఎడుత్తనూర్ రాయి దగ్గరికి మిట్టమధ్యాహ్నం చేరాం. నెత్తిన ఎండ ఉన్నప్పుడు లోతు తక్కువ చెక్కడం చదునుగా కనబడుతుంది. అద్దంతో వాడు ఎంత తిప్పలు పడ్డా పొద్దున మొదటి రాయి లేచినట్టు ఇది లేవలేదు. ఆరింటికి బయల్దేరి ముందు ఇక్కడికే వస్తే పక్కవాటు ఎండ దానంతట అదే అక్షరాలు చూపిస్తుంది. ఇది నడిపేవాళ్ళకి తెలియక కాదు. కస్టమర్లు పొద్దున్నే లేవరండీ అని వాళ్ళ జవాబు. రాత్రంతా గిరి చుట్టూ నడిచేవాళ్ళు ఆరింటికి లేవరా?

రెండోది, భోజనం తర్వాత సాత్తనూరు డ్యాం. మొసళ్ళ పార్కు ఉంది, పిల్లలుంటే సరదా. మాకు ఎందుకది? ఆ టైములో ఇంకో రెండు రాళ్ళు చూడొచ్చు. డ్యాం చూపించకపోతే డబ్బుకి తగ్గ టూర్ కాదంటారట చాలామంది. మీకు అక్కర్లేదంటే ముందురోజు ఫోన్‌లోనే గట్టిగా చెప్పండి, మారుస్తారు. మేం కార్లో కూర్చున్నాక చెప్తే కుదరలేదు.

మూడోది, కాగితం. వెళ్ళేముందు రెండు పేజీల కరపత్రం ఇస్తారు, శాసనాల పాఠంతో. ఒకవైపు తమిళం, ఇంకోవైపు ఇంగ్లీషు. వాళ్ళ బుకింగుల్లో సగం మనవాళ్ళవే అని వాళ్ళే అంటున్నారు, మరి తెలుగులో ఒక పేజీ వేయడానికేం? గైడు తెలుగు పరవాలేదు, అర్థమవుతుంది. కానీ ఉత్సాహం వచ్చిందంటే ఇంగ్లీషులోకి, ఇంకా ఎక్కువైతే తమిళంలోకి వెళ్ళిపోతాడు. అప్పుడు డ్రైవరే మాకు దుబాసీ.

బాత్రూముల సంగతి ఆడవాళ్ళకి ముందే చెప్పాలి. చెంగం టౌన్లో భోజనం చేసిన మెస్ తప్ప దారిలో నమ్మకంగా ఏదీ లేదు. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి పొలం గట్ల మీద కాస్త నడక ఉంది, ఎత్తు ఎక్కేది లేదు. భోజనం అరిటాకులో, సాంబారు, కారకుళంబు, రసం, రెండు పొరియళ్ళు. వేడిగా, శుభ్రంగా ఉంది. పచ్చడి మాత్రం లేదు, మీ డబ్బాలో తెచ్చుకోండి.

మొత్తానికి అయిదుకి నాలుగు ఇచ్చాను. గైడుకి విడిగా అయితే అయిదూ ఇస్తాను. ఫోన్ చేసినప్పుడు చదివి చెప్పే ఆ కుర్రాడే వస్తున్నాడా అని తప్పకుండా అడగండి. రెండో భాగస్వామి వస్తే కారు బాగా నడుపుతాడట గానీ వట్టెళుత్తు రాదు. అలాంటి రోజైతే వాయిదా వేసుకోండి. ఇంకో రోజు చేతిలో ఉండి, రాళ్ళ మీద నిజంగా మనసు పడితే, అక్కణ్ణుంచి ధర్మపురి వెళ్ళండి. చుట్టుపక్కల దొరికిన వీరగల్లులు అక్కడి మ్యూజియంలో చేర్చారు, ఒకచోట పోల్చి చూసుకోవచ్చు. కానీ పసుపు, నూనె, పక్కింటి పెద్దాయన అనుమతి ఉన్న రాయి ముందు చూశాక వెళ్తేనే బాగుంటుంది.

తెలుగు కాగితం నేనే రాసి పంపాను, ఎడుత్తనూర్ శాసనం పాఠం తెలుగు లిపిలో, కింద అర్థంతో. కుర్రాడు రెండు పేర్లు సరిచేసి తిప్పి పంపాడు. అచ్చు వేయించారో లేదో ఇంకా చెప్పలేదు. మీరు వెళ్తే అడగండి, లేదంటే వాళ్ళ దగ్గర నా పేజీ ఫోన్‌లో ఉంటుంది, పంపించుకోండి.